ఉక్కునగరంలో సైకిలు పట్టిన చేయి

భిలాయి పేరు చెప్పగానే దేశంలో ఎవరికైనా మొదట స్ఫురించేది ఉక్కు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా దుర్గ్ జిల్లా పల్లెల నడుమ ఈ కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దల్లీ-రాజహరా గనుల ఇనుప ఖనిజం ఇక్కడ కరిగి, పట్టాలుగా సాగి, దేశమంతటా రైళ్ళ బరువు మోస్తున్నది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. ఈ ఊళ్ళో పని చేసే చేతులు ఇంటి నుంచి పనికి ఎలా చేరుతాయన్నది మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి.

కర్మాగారం కట్టించిన సెక్టార్లు రైలుమార్గానికి దక్షిణాన, చెట్ల నీడన, వెడల్పైన రోడ్ల వెంట అమరి ఉన్నాయి. వైశాలి నగర్ ఆ సెక్టార్లలో చేరినది కాదు. అది గ్రేట్ ఈస్టర్న్ రోడ్డుకు ఉత్తరాన, సుపేలా, కోహకాల పొరుగున పెరిగిన నివాసప్రాంతం. 2008 నుంచి ఒక శాసనసభ నియోజకవర్గానికి కూడా ఇదే పేరు. భిలాయిని చిన్న భారతదేశమని స్థానికులు పిలుచుకుంటారు. ఉక్కు తెచ్చిన ఉపాధి కోసం అన్ని రాష్ట్రాలవారూ ఇక్కడికి తరలివచ్చారు. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలుమార్గం ఉత్తరాంధ్రను ఈ ప్రాంతానికి దగ్గర చేసింది. ఆ దారిన వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సెక్టార్ 5లోని బాలాజీ మందిరం నేటికీ కూడలి.

వైశాలి నగర్ నుంచి ప్లాంటుకు గాని, సెక్టార్లకు గాని వెళ్ళేవారు మొదట లారీలతో నిండిన గ్రేట్ ఈస్టర్న్ రోడ్డును, ఆపైన హౌరా-ముంబై రైలుమార్గాన్ని దాటాలి. ఒకప్పుడు షిఫ్టు మారే వేళ సైకిలుదే రాజ్యం. తరువాత స్కూటర్లు, మోటారు సైకిళ్ళు వచ్చాయి. అయినా సైకిలు పోలేదు. కాంట్రాక్టు కూలీలు, బడిపిల్లలు, ప్రభుత్వ పథకం కింద సైకిలు అందుకున్న బాలికలు, ఆరోగ్యం కోసం తెల్లవారుజామున బయలుదేరే ఉద్యోగులు దాన్ని నిలబెట్టారు. వీరందరిలో చేతికి తొడుగు వేసుకొనేవారు తక్కువ. కర్మాగారం లోపల పనిని బట్టి గ్లౌజులు తప్పనిసరి. గేటు దాటి బయటికి వచ్చాక అదే చేయి బోసిగా ఉంటుంది.

చేతిమీద పడే బరువు

సైకిలు తొక్కేవాని బరువంతా సీటు మీదనే ఉంటుందని పొరబడటం సహజం. నిజానికి అందులో కొంత భాగం అరచేతుల మీద పడుతుంది. గుంటలో చక్రం పడిన ప్రతిసారీ ఆ అదురు హ్యాండిల్ గుండా మణికట్టును తాకుతుంది. అరచేతి అడుగున, చిటికెనవేలి వైపు ఒక సన్నని కాలువ ఉన్నది. 1861లో ఫ్రెంచి వైద్యుడు గయాన్ వర్ణించినందువల్ల దానికి ఆయన పేరే స్థిరపడింది. చిటికెనవేలికి, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శనిచ్చే అల్నార్ నాడి ఆ కాలువ గుండానే సాగుతుంది. అక్కడ ఎడతెగక ఒత్తిడి పడితే మొదట తిమ్మిరి, తరువాత పట్టు సడలడం కనిపిస్తాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం, తాళం తిప్పడం వంటి చిన్న పనులే కష్టమవుతాయి. ఫిట్టరుకూ, వెల్డరుకూ, టైలరుకూ ఇది కేవలం నొప్పి కాదు, జీవనోపాధికి ముప్పు.

రెండవ ప్రమాదం పడిపోవడం. పడబోయే మనిషి అసంకల్పితంగా చేతులు చాపుతాడు. కంకరరోడ్డు మీద అరచేతి చర్మం దోక్కుపోతే కొన్నాళ్ళపాటు ఏ పనిముట్టూ పట్టుకోవడం సాధ్యం కాదు. మంచి తొడుగు ఆ గాయాన్ని చాలావరకు ఆపుతుంది. మణికట్టు ఎముకను మాత్రం అది కాపాడలేదు. తొడుగు ఉన్నదన్న ధీమాతో వేగం పెంచరాదు.

పని గ్లౌజు పనికిరాదా?

ఇంట్లో ఎలాగూ కర్మాగారపు తోలు గ్లౌజులు ఉన్నాయి గదా, అవే వేసుకుంటే సరిపోదా అన్న ప్రశ్న భిలాయిలో ఎవరికైనా రావచ్చు. అవి వేడి నుంచి, రేకుల అంచుల నుంచి కాపాడటానికి కుట్టినవి. దళసరి తోలు బ్రేకు స్పర్శను తెలియనీయదు. లోపలి కుట్లు అరచేతిని ఒరుస్తాయి. నూనె మరకలున్న గ్లౌజు గ్రిప్పు మీద జారుతుంది. రబ్బరు చుక్కలు అద్దిన నూలు గ్లౌజుకు పట్టు ఉంటుంది గాని మెత్త ఉండదు, అల్లిక త్వరగా చిరుగుతుంది. కొన్నాళ్ళు గడుపుకోవడానికి అది చాలు. అంతకంటే ఎక్కువ ఆశించరాదు. లేతు, డ్రిల్లింగు మిషన్ల వంటి తిరిగే యంత్రాల దగ్గర గ్లౌజు వేసుకోరాదన్నది కార్మికులకు తెలిసిన నియమమే. ఒకచోట రక్షించేది మరొకచోట హాని చేయవచ్చు. ఏ పనికి ఆ తొడుగు.

కొలత మొదట, ధర తరువాత

బొటనవేలిని వదలి, వేళ్ళ మొదళ్ళ కణుపుల మీదుగా అరచేతి చుట్టూ టేపు చుట్టి కొలవాలి. ఆ కొలతను గ్లౌజు మీది పట్టికతో సరిచూడాలి. వేసుకొని పిడికిలి బిగిస్తే అరచేతిలో గుడ్డ ముడుత పడరాదు. వేళ్ళ సందులలో ఖాళీ మిగలరాదు. వేలి మొదట్లో బిగుసుకొని గుర్తు పడరాదు. చిన్న చేతులు గల బాలికలు పెద్దవారి గ్లౌజుతో సర్దుకుంటే బ్రేకు అందదు. వారికి చిన్న సైజు వెదకడమే క్షేమం.

మెత్త ఎంత లావైతే అంత మంచిదన్న నమ్మకం సరికాదు. మరీ లావుగా ఉంటే పట్టు కోసం వేళ్ళు మరింత బిగించవలసి వస్తుంది, చేయి త్వరగా అలసిపోతుంది. నాడి సాగే చోట పల్లం విడిచి, దానికి ఇరువైపులా మెత్తనుంచిన రకం ఉత్తమం. జెల్ మెత్త అదురును బాగా పీలుస్తుంది. స్పాంజి మెత్త చౌక, తేలిక, కాని వాడగా వాడగా అణగిపోతుంది. వేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేచే మెత్తను ఎంచుకోవాలి.

ఎంతకాలం మన్నుతుంది?

గ్లౌజు మొదట చిరిగేది బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ. అక్కడ రెండు వరుసల కుట్టు, అదనపు పట్టీ ఉన్నవా అని కొనేముందు చూడాలి. కుట్టును రెండువైపులా మెల్లగా లాగితే దారం నడుమ సందు కనిపించరాదు. మేకతోలు మృదువుగా ఉండి చేతికి అమరుతుంది, కాని చెమటకు తడిసి ఎండకు ఆరితే బిరుసెక్కుతుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే భిలాయిలో రోజూ ఉతకవలసిన గ్లౌజుకు నాణ్యమైన కృత్రిమ తోలే అనుకూలం. పైపూత మాత్రమే తోలులా మెరిసే నాసిరకం సరుకు కొద్ది నెలలకే పొరలు పొరలుగా ఊడుతుంది. చేతి వెనుకభాగం గాలి ఆడే జాలీ గుడ్డతో ఉండాలి. బొటనవేలి మీద తువ్వాలు గుడ్డ ఉంటే చెమట తుడుచుకోవడానికి అక్కరకు వస్తుంది.

వేసవికి సగం వేళ్ళ గ్లౌజు చాలు. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం షిఫ్టుకు పోయేవారికి నిండు వేళ్ళది సుఖం. రాత్రి షిఫ్టువారు వెనుకవైపు వెలుగును తిప్పికొట్టే పట్టీ ఉన్నదాన్ని ఎంచుకుంటే, మలుపు తిరుగుతూ చేయి చాపినప్పుడు లారీ డ్రైవరుకు ఆ చేయి కనిపిస్తుంది.

విప్పేటప్పుడు మణికట్టు పట్టీని గుంజితే కుట్లు తెగుతాయి. వేళ్ళ నడుమ చిన్న ఉచ్చులు కుట్టిన రకమైతే వాటిని పట్టి లాగవచ్చు. వెల్క్రోను మూసిన తరువాతనే ఉతకాలి, లేకపోతే అది గుడ్డ పోగులను పీకుతుంది. చల్లని నీరు, తేలిక సబ్బు, నీడన ఆరవేయడం, ఈ మూడు పాటిస్తే చవక గ్లౌజు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ధరను నెలలతో భాగించి చూడటం కొనేవాడికి తెలివి. ఉదాహరణకు 200 రూపాయల జత నాలుగు నెలలకే చిరిగితే నెలకు 50 రూపాయలు పడుతుంది. 450 రూపాయల జత పద్దెనిమిది నెలలు నిలిస్తే నెలకు పడేది 25 మాత్రమే. అయితే ఖరీదు ఎక్కువైనంత మాత్రాన మన్నిక హెచ్చదు. పేరుకు, రంగుకు ఇచ్చే డబ్బు కుట్టులోకి చేరదు.

కొనకముందు చేయవలసినది

ఒక్క పైసా ఖర్చు లేని చికిత్స కూడా ఉన్నది. సీటు ముందుకొన కిందికి వాలి ఉంటే ఒళ్ళు ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది. దాన్ని సమంగా బిగించాలి. హ్యాండిల్ మరీ కిందికి ఉంటే ఎత్తాలి. అరిగిపోయిన గ్రిప్పులు మార్చాలి. దారిలో అప్పుడప్పుడు పట్టు మార్చి, వేళ్ళు విదిలించాలి. ఇవి చేయకుండా ఎంత ఖరీదైన గ్లౌజు తొడిగినా తిమ్మిరి పోదు. ఇవి చేశాక కూడా తిమ్మిరి నిలిచిపోతే, గ్లౌజు మార్చడం కాదు, వైద్యునికి చూపించడం అవసరం.

భిలాయి కర్మాగారంలో పనికి దిగేముందు చేతిని కప్పుకోవడం క్రమశిక్షణలో భాగం. వైశాలి నగర్ నుంచి గేటు దాకా సాగే దారి కూడా ఆ పనిదినంలోనిదే. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే చేతికి ఆ దారిలోనూ అదే రక్షణ కావాలి.