కాంటి ఊళ్లో ఆరు రోజులు

ఇటలీ నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. హోసూరులో కనిపించిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతున్నారు, "సార్, రోమ్ చూశారా? పీసా గోపురం చూశారా?" అని. లేదండీ. కియోజ్జా అనే చేపల ఊళ్లో ఆరు రోజులు ఒంటరిగా, తీరిగ్గా కూర్చుని వచ్చాను.

ఎందుకు ఆ ఊరే అంటే, మన సభల్లో మైకు పట్టుకున్న ప్రతివాడూ నికోలో డి కాంటి పేరెత్తుతాడు. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నాడని ఆయన పేరు మీద చెప్పుకునే మాట మనకు కంఠతా వచ్చు. నేనూ ముప్పై ఏళ్లు చెప్పాను. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్లిన ఆ వర్తకుడు పుట్టింది వెనిస్‌కు దక్షిణాన ఉన్న ఈ కియోజ్జాలోనే అని మాత్రం పోయిన ఏడాదే తెలిసింది. పడోవాలో చదువుతున్న మా అమ్మాయికి జూన్‌లో పరీక్షలు. "నాయనా, ఇంట్లో ఒక్కడివే ఏం చేస్తావు, యాడికన్నా పోయిరా" అంది. బస్సెక్కేశాను.

ఊరు చిన్నది. మధ్యలో కోర్సో దెల్ పోపోలో అనే వెడల్పాటి వీధి, దాని పక్కనే వేనా కాలవ. కాలవ మీద తొమ్మిది వంతెనలు. వీధి చివర ఒక స్తంభం మీద వెనిస్ వాళ్ల రెక్కల సింహం ఉంది. అది మరీ చిన్నదని వెనిస్ వాళ్లు దాన్ని పిల్లి అని వెక్కిరిస్తారట. పెద్ద ఊరి పక్కన ఉండే చిన్న ఊరికి ఎక్కడైనా ఇదే గతి అనుకుని నవ్వుకున్నాను.

తెల్లవారగానే పొడవాటి వంతెన దాటి సొట్టోమరీనా ఇసుకకు నడిచేవాణ్ణి. అక్కడి సముద్రం తూర్పుకు ఉంది, మద్రాసు మెరీనాలాగే. సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. పగలు గొడుగులకూ కుర్చీలకూ డబ్బు కట్టాలి గానీ, ఆ వేళకు అడిగేవాళ్లెవరూ ఉండరు. పంచె మోకాళ్ల పైకి కట్టుకుని అలల్లో నిలబడేవాణ్ణి. ఎవరూ వింతగా చూడలేదు. తిరిగొచ్చి చేపల బజారులో ఒక చుట్టు చుట్టి, ఒక కాఫీ తాగి, కాలవ గట్టున కూర్చుంటే మధ్యాహ్నమయ్యేది. సోమవారం బజారుకు సెలవని తెలియక వెళ్లి, ఖాళీ రాతిబల్లలు చూసి వచ్చాను. వేయించిన సార్డీన్ చేపల్ని ఉల్లిపాయలూ వెనిగరుతో నానబెట్టి మర్నాడు తింటారు. మన చేపల పులుసు రెండోరోజే రుచి కదా, వాళ్లకూ ఆ సంగతి తెలుసు.

నేను దిగిన ఇంటి ఓనరమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్లం. ఆమె ఇటాలియన్ మాట్లాడితే ఫోను చక్కగా చెప్పేది. చేపలమ్మితో మాట్లాడేటప్పుడు మాత్రం ఫోను నోరు మూసుకునేది. "అది మా ఊరి మాట. దీనికి రాదు" అని ఆమె గర్వంగా నవ్వింది. 1762లో గోల్డోని ఆ మాటలతోనే, ఆ ఊరి జాలరుల కొట్లాటల మీద నాటకం రాశాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు అక్కడి క్రిమినల్ కోర్టు కచేరీలో పనిచేశాడు కాబట్టి ఆ మాటలు ఆయన చెవిలో ఉన్నాయి. అంత పెద్ద రచయిత వాటిని దిద్దలేదు.

ఇళ్ల గంటల పక్కన చూస్తే రెండే ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ కనిపించాయి, బోస్కోలో, తియోజ్జో. ఎవరు ఎవరో తెలియడానికి ప్రతి కుటుంబానికీ ఒక ఊరి పేరు, అంటే మారుపేరు, తగిలించారు. అది సర్కారు కాగితాల్లోకీ ఎక్కింది. మనకేమో బడి రిజిస్టరులో తండ్రి పేరు తొలి అక్షరమే మిగిలింది. ఇంటిపేరు పెళ్లి సంబంధాలప్పుడు తప్ప గుర్తురాదు.

ఐదో రోజు సాయంత్రం ఆమె ఒక మాట చెప్పింది. "చిన్నప్పుడు ఊరి మాట మాట్లాడితే బడిలో టీచరు తిట్టేది. ఇటాలియన్ మాట్లాడితే ఇంట్లో అమ్మ తిట్టేది. మేము అమ్మ మాటే విన్నాం." ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ టీచరు నేనే. ఏడో తరగతి పిల్లవాడొకడు వ్యాసంలో "మాయవ్వ పొద్దున్నే లేసి సంగటి కెలకతా ఉండాది" అని రాశాడు. ఎర్రసిరాతో గీత కొట్టి "మా అవ్వ ఉదయమే లేచి సంగటి చేస్తున్నది" అని దిద్దాను. క్లాసులో చదివి వినిపించాను కూడా. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత వాడు మూడు లైన్లకు మించి తెలుగులో రాయలేదు. అలాంటివాళ్లు ఎందరో.

2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక మన తెలుగు మీడియం పిల్లలకు ఎంత కష్టమైందో మనందరికీ తెలుసు. దాని మీద వినతిపత్రాలు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. అది న్యాయమే. కానీ అంతకు ఎంతో ముందే మన పిల్లల నోట్లోని తెలుగును "ఇది తెలుగే కాదు" అన్నది ఏ సర్కారూ కాదు. ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు మన మాటను వెక్కిరిస్తే బాధపడ్డాం. అదే వెక్కిరింతను నేను సుద్దముక్క పట్టుకుని చేశాను.

ఊరికి రాగానే ఆ పిల్లవాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు గులాబీల వ్యాపారం చేస్తున్నాడు. సంగతంతా చెప్పాను. కాసేపు పలకలేదు. తర్వాత "మాయవ్వ పొయ్యి పన్నెండేండ్లయ్యింది సార్. ఆ నోటుబుక్కు ఇంకా ఉండాది" అన్నాడు.

వచ్చే నెల మన కూటమిలో ఉపన్యాసం నాదే అన్నారు. కాంటి గురించి మాట్లాడను. ఆ నోటుబుక్కు తెమ్మని చెప్పాను, వాడే చదువుతాడు. మీరూ మీ అవ్వ మాట ఒక్కటి, దిద్దకుండా, రాసుకుని రండి.