చెస్ పుస్తకం ఏ బీరువాలో?

పక్కింటి బుడ్డోడు ఫోన్‌లో చెస్ ఆడీ ఆడీ, "మావయ్యా, ఇది నేర్పే పుస్తకం దొరుకుద్దా?" అన్నాడు. దాచేపల్లిలో సిమెంటూ మిరపకాయలూ అడగ్గానే దొరుకుతాయి, చెస్ పుస్తకమంటే వెతుక్కోవాల్సిందే. లైబ్రరీల్లో వాడే డ్యూయీ లెక్కలో చదరంగం నంబరు 794.1. ఆ అంకె చెప్పి అడగండి, లేకపోతే జిల్లా గ్రంథాలయం నుంచి తెప్పించమనండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కట్టేది మనమేగా, మొహమాటం దేనికి! పైగా చెస్ గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక గుంటూరోళ్లే మరి.

వీడికి మాత్రం ముందు ఎండ్‌గేమ్‌లున్న పుస్తకమే ఇప్పిస్తా. చెస్ దిగ్గజం కాపాబ్లాంకా మాటా అదే. బోర్డు మీద రెండు రాజులు, ఒక బంటు మిగిలినప్పుడే రాజు బలమేంటో పిల్లలకి తెలుస్తుంది. ఓపెనింగులు బట్టీ పట్టించేవి తర్వాత చూద్దాం.