శ్రీకాకుళ యాత్రయు నడుము నొప్పియు

శ్రీకాకుళ పట్టణమునకు రెండు కిలోమీటర్ల దూరమున నున్న అరసవల్లి క్షేత్రమును గూర్చి మన సోదరీమణులలో విననివారు తక్కువ. సూర్యభగవానుడు ఆరోగ్యప్రదాత యని పెద్దల మాట గనుక కంటి జబ్బులవారును, చర్మవ్యాధులవారును, ఒడలి నొప్పులవారును మ్రొక్కుబళ్లతో నిచ్చటికి వత్తురు. కళింగము నేలిన గాంగవంశీయుడగు దేవేంద్రవర్మ 7వ శతాబ్దమున నీ యాలయమును కట్టించెనని ప్రసిద్ధి. ఏట రెండుమార్లు, మార్చి నెలయందును అక్టోబరు నెలయందును కొలది దినములు, ఉదయకిరణములు వాకిళ్లు దాటి వచ్చి స్వామి పాదములను సోకును. మేము వెళ్లినది ఆ దినములలో గాదు. రథసప్తమి సందడి తగ్గిన పిదప మాఘమాసమున నొక యాదివారము. అయినను జనసమ్మర్దమునకు లోటు లేదు.

ఇచ్చటి స్థలపురాణము మా ప్రస్తుత విషయమునకు దగినట్లే యున్నది. ఇంద్రుడు వేళ గాని వేళ రుద్రకోటేశ్వరుని దర్శింపబోగా ద్వారమున నున్న నందికేశ్వరుడు కాలితో తన్నెనట. ఆ దెబ్బకు మూర్ఛిల్లిన యింద్రుడు సూర్యుని ధ్యానించి, స్వప్నమున గలిగిన యాజ్ఞ చొప్పున నేల త్రవ్వగా నీరు పుట్టినదనియు, అదియే నేటి ఇంద్రపుష్కరిణి యనియు, స్వామి విగ్రహమును నచ్చటనే లభించెననియు చెప్పుదురు. ఎదురుకాళ్లతో పుట్టినవారిచే తన్నించుకొనినచో నడుము పట్టు వదలునని మనవైపు నొక నమ్మకము గలదు గదా; పాప మింద్రునకు తన్నుతోనే పట్టినది.

మాతో వచ్చిన మా వదినగారికి మూడేండ్లనుండి నడుము నొప్పి. గత సంవత్సరమునుండి మెడ నొప్పియు దానికి తోడైనది. ఆమె వయస్సు నలువదిరెండు. ఒక పట్టణమున నొక వైద్యుడు స్కానింగు బొమ్మను దీపమున కడ్డముగా పట్టి చూచి, వెన్నుపూసల నడుమ దిండు జారినది, కోయక తప్పదని చెప్పి పంపెను. ఇంటిలో సగముమంది కోయించవలె ననిరి, సగముమంది వల దనిరి. ఈ సంగతి తేల్చుకొనుటకును, అరసవల్లి మ్రొక్కు తీర్చుకొనుటకును కలిసివచ్చునని మే మీ ప్రయాణము పెట్టుకొంటిమి.

ఆలయమున సూర్యనమస్కారముల సేవకు రుసుము చెల్లించి యర్చకులచే చేయించు వాడుక యున్నది. మనకు బదులుగా మరియొకరు వంగి లేచినచో పుణ్యము మనకు రావచ్చును; నడుమునకు గలుగు లాభము మాత్రము వంగినవారికే. ఈ మాట వదినగారి చెవిని వేయగా నామె నవ్వి, "నేను వంగితే మళ్లీ లేవనెత్తేదెవరు?" అనిరి.

మూడేండ్లలో నామె చేయని చికిత్స లేదు. మూటగట్టిన ఉప్పుతో కాపడము, ఆముదము రాచి వెచ్చజేసిన ఆముదపాకు కట్టుట, బాలింతలకువలె వావిలాకు కాచిన నీళ్లు పోసికొనుట, ఇవి యన్నియు నైనవి. వీనిని మేము తక్కువ చేయము. వేడి తగిలినచో బిగిసిన కండరము సడలి నొప్పి తగ్గును. ఇందు ఖర్చును లేదు, చర్మము కాలకుండ చూచుకొనినచో అపాయమును లేదు. పిదప నొక యాయుర్వేద వైద్యశాలలో కటివస్తి చేయించిరి. మినపపిండి ముద్దతో నడుముపై వలయముగా కట్టగట్టి, అందు గోరువెచ్చని తైలము పోసి కొంతసేపు నిలుపుదురు. అది చేసిన రెండు మూడు దినములు హాయిగా నుండెడిది, మరల మొదటికి వచ్చెడిది. సుశ్రుతాచార్యులు మన్యాస్తంభమునకు, అనగా మెడ పట్టునకు, పగటి నిద్రయు, సరిగాని యాసనమును, మీదికి చూచుచుండుటయు కారణములని చెప్పియున్నారు. నేడు మీదికి చూచు తీరిక యెవరికి గలదు? చేతిలోని ఫోనుకై క్రిందికి వంగిన తల రాత్రి పదింటిదాక పైకి లేవదు. చరకసంహితలో వాతవ్యాధుల ప్రకరణమున చెప్పబడిన గృధ్రసి, అనగా పిరుదునుండి పాదమువరకు దిగు తీగవంటి నొప్పి, నేటి వైద్యులు సయాటికా యను దానిని పోలినదే.

మరునాడు పొందూరు వెళ్లితిమి. సన్నఖద్దరునకు ఆ యూరు పేరు పొందినది. 1921లో మహాత్ముడు తన కుమారుడగు దేవదాసు గాంధీని ఇచ్చటి నేతపని చూచి రమ్మని పంపెను. ప్రత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వి శుభ్రపరచుట మరియెచ్చటను మేము కనివిని యెరుగము. ఏకులు చేసి అరటి దొప్పలో చుట్టి పెట్టుకొని, యొంటి కదురు రాట్నముపై దారము తీయుదురు. ఈ పనియంతయు స్త్రీలదే. ఒక యింట డెబ్బదియేండ్ల యవ్వ నేలపై కూర్చుండి వడుకుచుండగా మేము గంటసేపు చూచితిమి. ఆమె కుడిచేయి చక్రమును త్రిప్పుచుండెను, ఎడమచేయి దారమును వెనుకకు లాగుచుండెను, కన్నులు దారమును విడువకుండెను. నడుమునకు ఆనుట కేదియు లేదు. నొప్పి లేదా యని యడుగగా, "నొప్పి నేకేటమ్మా! సాయంత్రానికి నడుం రాయైపోద్ది. గోడకి సేరబడి కాసేపు కూకుంటే మళ్లీ మనిషినవుతాను" అనెను. అవ్వ మధ్యమధ్య లేచి కోడికి గింజలు చల్లుచుండెను, దొడ్డిలోనికి పోయి వచ్చుచుండెను. ఆ లేచి తిరుగుటలోని సారము మాకు తరువాత తెలిసినది.

పొందూరునుండి రైలులో పలాస పోయితిమి. దారిపొడుగునను తోటలు. పలాసనుండి ఇచ్ఛాపురమువరకు గల యా తీరప్రదేశమునకు ఉద్దాన మని పేరు. ఉద్యానమను మాటయే యట్లైనదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస చూచిన కన్నులకు చల్లదనమే కాని యా చల్లని నీడలో మూత్రపిండముల జబ్బు వేలకొలది సంసారములను గూల్చినది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలముల పేరు విన్నచో వైద్యులు తల పంకించుదురు. కారణ మిదియేనని యింకను నిర్ధారణ కాలేదు. నీటిని శంకించినవారు గలరు, ఎండలో చెమటోడ్చి తగినన్ని నీళ్లు త్రాగకుండుటను శంకించినవారు గలరు, నొప్పి బిళ్లలను శంకించినవారును గలరు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, రెండువందల పడకల ఆసుపత్రియు ప్రారంభమైనవి.

నొప్పి బిళ్లల మాట వచ్చినది గనుక నిచ్చట కొంచె మాగవలెను. జీడిపిక్కల కర్మాగారములలో స్త్రీలు ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు తల వంచి కూర్చుండి పిక్క కొట్టుదురు, పొట్టు తీయుదురు. మే మొక యిల్లాలితో మాటాడితిమి. ఆమె కొంగుముడి విప్పి నాలుగు బిళ్లలు చూపెను. "పొద్దున్నొకటి, రేత్రొకటి ఎయ్యకపోతే పనికెళ్లలేనమ్మా. పనికెళ్లకపోతే కూలి రాదు. ఊళ్లో డాక్టరు బాబు సూదేస్తే నాల్రోజులు బాగుంటాది" అని చెప్పెను. చదువని డాక్టరు వేయు నా సూదిలో నేమున్నదో ఆమె యెరుగదు, అడుగుటకు ధైర్యమును లేదు. వదినగా రా బిళ్లలను చేత దీసికొని చూచి మాటాడకుండిరి. అవి తాము రెండేండ్లనుండి మ్రింగుచున్నవే.

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు నొప్పిని తగ్గించుట నిజమే. మూత్రపిండములు ఆరోగ్యముగా నున్నవారు వైద్యుని సలహాపై నాలుగైదు దినములు వాడుకొనవచ్చును. ఏండ్ల తరబడి వాడినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములకు రక్తప్రసారము తగ్గి క్రమముగా నవి చెడును. రక్తపు పోటు, మధుమేహము గలవారికిని, ఎండలో పనిచేసి నీరు త్రాగనివారికిని అపాయము మరింత. మిక్కిలి యన్యాయ మేమనగా మూత్రపిండము చెడుచున్నప్పుడు చాలకాలము నొప్పియే యుండదు.

శ్రీకాకుళమునకు తిరిగివచ్చి వదినగారికి ముందు రక్తపరీక్ష చేయించితిమి. దైవవశమున క్రియాటినిన్ హద్దులోనే యుండెను. అటుపిమ్మట నొక ఎముకల వైద్యుని చూచితిమి. ఆయన బొమ్మను ప్రక్కన పెట్టి, ముప్పావుగంట సేపు వదినగారిని నడిపించి, వంచి, మడమలపై నిలువబెట్టి, కాలి బొటనవ్రేలి బలము పట్టి చూచెను. ఇంతకుమున్ను నెవ్వరును ఆమె కాలును ముట్టి చూడలేదని వదినగారు మాతో చెప్పిరి. పిదప నాయన చెప్పిన మాటలు మన సోదరీమణు లందరకు పనికివచ్చునవి గనుక వ్రాయుచున్నాము.

1994లో అమెరికాలో నొప్పి యేమాత్రము లేని 98 మందికి స్కానింగు తీయగా వారిలో నూటికి 36 మందికి మాత్రమే వెన్నుపూసల దిండ్లన్నియు సరిగా నుండెనట. తక్కినవారికి ఉబ్బుటయో జారుటయో యున్నది, వారికి దాని సంగతియే తెలియదు. నలువది దాటినవారి బొమ్మలో దిండు జారినట్లు కనబడుట తల నెరసినట్లు కనబడుటవంటిది. జారిన దిండు సైతము చాలమందికి కొలది నెలలలో దానంతట నది కుదించుకొనిపోవును. మంచమున పడుకొనియుండుట పూర్వము వైద్యమే. 1986లో జరిగిన పరీక్షలో ఏడుదినములు పడుకొన్నవారికంటె రెండుదినములు పడుకొన్నవారికి కీడేమియు కలుగకపోగా వారు త్వరగా పనిలో ప్రవేశించిరి. 1995లో హెల్సింకీ నగరమున చేసిన పరీక్షలో పడక వేయక తమ పనులు తాము చేసికొన్నవారే ముందుగా కోలుకొనిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో దీర్ఘకాలపు నడుము నొప్పికి వ్యాయామమును, రోగికి సంగతి బోధపరచుటను మెచ్చి, నడుము పట్టీలను, బరువులు కట్టి లాగుటను వలదన్నది. 2020లో ప్రపంచమున 61 కోట్ల 90 లక్షలమందికి నడుము నొప్పి యుండె ననియు, అందు పురుషులకంటె స్త్రీలే యెక్కువ యనియు నా సంస్థ లెక్క. వదినగారి పట్టీ ఆనాడే పెట్టె యడుగునకు చేరినది.

అయితే తాత్సారము చేయరాని గురుతులు కొన్ని కలవు. మలమూత్రములపై స్వాధీనము తప్పినను, మూత్రము బిగిసినను, తొడల నడుమ మొద్దుబారినను, కాలిలోనో చేతిలోనో బలము తగ్గుచున్నను ఆ దినమే పెద్దాసుపత్రికి పోవలెను. జ్వరముతోను, బరువు తగ్గుటతోను కూడిన నడుము నొప్పి వెన్నెముక క్షయ కావచ్చును. మన దేశమున దీనిని మరువరాదు. ముట్లుడిగిన స్త్రీ చిన్నగా జారి పడినను ఎముక విరిగి యుండవచ్చును. ఇట్టి గురుతులున్నవారికే స్కానింగు వెంటనే కావలెను, కొందరికి శస్త్రచికిత్సయు తప్పదు. వదినగారికి వీనిలో నొక్కటియు లేదు.

వ్యాయామము నేర్పినది యొక చిన్నది. పాతికేండ్లుండును, పేరునకు ఫిజియోథెరపిస్టు, పట్టుదలకు మా మాష్టరుగారి మించినది. వెల్లకిల పరుండి మోకాళ్లను మడచి యొక్కొక్కటిగా రొమ్మునకు తెచ్చుకొనుట. అట్లే పరుండి పాదము లానించి పిరుదులను పైకెత్తి అయిదు లెక్కపెట్టి దింపుట. మోకాళ్లపైనను చేతులపైనను నిలిచి పిల్లివలె వీపును పైకి వంచి మరల దింపుట. మెడకు, గడ్డమును వెనుకకు లాగి నిలుపుట. అరచేతిని నుదుట నానించి తల కదల్చకుండ ముందునకు నెట్టుట, అట్లే ప్రక్కలకును. ఒక్కొక్కటి పదేసిమార్లు, దినమునకు రెండు పూటలు, దానిపై అరగంట నడక. సూర్యనమస్కారములు చేయవచ్చునా యని మే మడుగగా, నొప్పి తగ్గిన పిమ్మట మెల్లమెల్లగా చేయవచ్చును గాని యెముకలు గుల్లబారినవారును, కాలికి నొప్పి దిగుచున్నవారును ముందునకు మిక్కిలి వంగరాదని చెప్పెను. అరగంటకు మించి యొక్క తీరున కూర్చుండవలదని యామె యనగా మాకు పొందూరు అవ్వ కోళ్లు జ్ఞప్తికి వచ్చినవి.

ఇంటిపనిలోను మార్పులు చెప్పెను. వంటగట్టు మోచేతికి కొంచెము దిగువగా నుండవలెను. పెద్ద బిందెకు మారుగా రెండు చిన్న బిందెలు, అవియు ఒడలికి దగ్గరగా పట్టుకొని, మోకాళ్లు వంచి యెత్తవలెను. చీపురునకు పొడుగు పిడి. ఈ చివరిదానికి మా యత్తగా రొప్పుకొనలేదు. నిలుచుండి ఊడ్చినచో లక్ష్మి నిలువదట. మేము మాఱు పలుకక పొడుగు చీపురొకటి కొని తెచ్చి పెట్టితిమి. ఇప్పుడు దానితో ముందుగా ఊడ్చునది అత్తగారే.

ఇది జరిగి నాలుగు నెలలైనది. వదినగారికి నొప్పి పూర్తిగా పోయినదని చెప్పము. మబ్బు పట్టిన దినములలో నడుము పట్టుననియే చెప్పుదురు. మొదటి నెలలో రెండుమార్లు వ్యాయామము మానివేసిరి; చేయుటవలన నొప్పి హెచ్చుచున్నదని భయపడిరి. ఫిజియోథెరపిస్టు ఫోనులో ధైర్యము చెప్పి లెక్క తగ్గించి మరల మొదలు పెట్టించెను. బిళ్లలు మానిరి, రాత్రి నిద్ర పట్టుచున్నది, మనుమరాలిని ఎత్తుకొనుచున్నారు. శస్త్రచికిత్స ప్రస్తావన యిల్లు వదలినది. పలాస యిల్లాలికి రక్తపరీక్ష చేయించుకొమ్మని రెండుమార్లు కబురు పంపితిమి. కూలి పోవు దినమున నెట్లు పోదునని మొదట ననెను గాని, తుదకు సెలవు దినమున పోయి చేయించుకొనెనట. ఫలితమింకను రాలేదు.

పొందూరు అవ్వకు మేము వీపునకు ఆనుడు గల నాలుగు వ్రేళ్ల యెత్తు పీటనొకదానిని చేయించి పంపితిమి. ఎత్తెక్కువైనదనియు, వడ్రంగిచే కోళ్లు కొంచెము కోయించి వాడుకొనుచున్నాననియు మనుమనిచే ఫోను చేయించినది.