పావించి పైపు

పోయిన వారం రాయవలసింది ఈ వారం రాస్తున్నాము. ఆలస్యానికి కారణం మా వంటగది గోడకు తగిలించిన నీళ్ళ మిషన్.

మా కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళ సంగతి ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు. వాటిలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేస్తోందని 1937లోనే వైద్యులు గుర్తించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావంటారు. అందుకే మందిరం ప్రక్కనున్న మా ఇంట్లో ఆర్వో మిషన్ పెట్టుకున్నాము. ఎదురింటి అవ్వ నడుము వంగిపోయిన మనిషి. రోజూ సాయంత్రం చిన్న క్యాను తెచ్చుకొని మా దగ్గరే నీళ్ళు పట్టుకుంటుంది.

రెండు నెలల క్రితం సంఘంలోని ఒక తమ్ముడు ఆ మిషన్‌కు ఫిల్టర్లు మార్చాడు. ఈ పని ఇంకా నేర్చుకుంటున్నవాడే. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. తరువాత కొన్నాళ్ళకు లోపల ఒక మలుపు దగ్గర చుక్క చుక్కగా కారడం మొదలైంది. రాత్రి పెట్టిన గిన్నె తెల్లారేసరికి నిండేది. ఆదివారం ఆరాధన అయ్యాక, నలుగురూ నిలబడి ఉండగా, "ఏం బాబూ, సగం పని నేర్చుకొని మా ఇంటి మీదేనా ప్రయోగం?" అన్నాము. నవ్వుతూనే అన్నాము. అందరూ నవ్వారు. అతడు నవ్వలేదు. తరువాతి ఆదివారం మందిరానికి రాలేదు.

ఇక మేమే బాగుచేయబూనుకున్నాము. కుళాయిలకు చుట్టినట్టే ఆ సన్న పైపు చివరకు తెల్ల టేపు చుట్టి లోపలికి దోపాము. ఎక్కువ కారింది. పైన ఎంసీల్ ముద్ద పెట్టాము. తడి మీద అది పట్టుకుంటుందా? సోమవారం మిషన్ ఆపేశాము. ఆ రోజు నుంచి అవ్వ బోరు నీళ్ళే తాగింది. ఏం తాగుతున్నావని మేమూ అడగలేదు.

గురువారం రాత్రి మా ఇంటావిడ గిన్నెలు సర్దుతూ, "గోడలకు సున్నం వేసినప్పుడు మిషన్ దించి, ఆ పైపు కత్తెరతో కత్తిరించింది మీరే కదండీ" అంది. ఆ మాట మేము మరచిపోయామని రాయబోతున్నాము గాని, అది పూర్తిగా నిజం కాదేమో. పైపు లాగితే రాకపోవడం, కోపం వచ్చి కత్తెర తీసుకోవడం, తిరిగి ఎలాగో దోపేయడం, అన్నీ గుర్తుకొచ్చాయి. ఆ రాత్రి ప్రార్థనలో మోకరించాము గాని మాట సాగలేదు.

శుక్రవారం చీకటిపడ్డాక అతని ఇంటికి వెళ్ళాము. వాళ్ళమ్మ కుర్చీ వేసింది. కూర్చోకుండానే తప్పు మాదేనని చెప్పాము. "సరేలే అయ్యగారూ, రేపు వచ్చి చూస్తాను" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

శనివారం వచ్చి ముందు ప్లగ్గు తీశాడు, మిషన్‌కు నీళ్ళు వచ్చే కుళాయి కట్టాడు. ఎంసీల్ పెచ్చులు ఊడబెరికాడు. కనెక్టర్ మూతి దగ్గరున్న ప్లాస్టిక్ రింగును గోళ్ళతో లోపలికి సమానంగా నొక్కిపట్టి, రెండో చేత్తో పైపు లాగాడు. మేము కుస్తీపట్టిన పైపు చప్పుడు లేకుండా వచ్చేసింది!

"లోపల స్టీలు పళ్ళుంటాయి అయ్యగారూ. లాగేకొద్దీ ఇంకా గట్టిగా కరుచుకుంటాయి. రింగు నొక్కితేనే వదులుతాయి. నీళ్ళు ఆపేది మాత్రం ఆ పళ్ళు కాదు, వాటి వెనకున్న రబ్బరు రింగు. దానికి నున్నని గుండ్రటి పైపు కావాలి. మీ టేపు దీనికి పనికిరాదు." మేము కోసిన చివర చూపించాడు. కత్తెర నొక్కుకు కోడిగుడ్డులా అయ్యింది, ఏటవాలుగా ఉంది, పైగా పళ్ళు గీరిన గాట్లు.

ఇంటి గోడల్లో పైపులైతే సొల్యూషన్ పూసి అతికిస్తారు. అతికాక తప్పు తెలిస్తే ముక్క కోసి పారెయ్యడమే. ఇది అలా కాదు, విప్పి మళ్ళీ పెట్టుకోవచ్చు. పాడైన అంగుళం ముక్క తీసేసి, బ్లేడుతో నిటారుగా కోశాడు. ఎంత లోపలికి పోవాలో పెన్నుతో గీత పెట్టాడు. పైపు మా చేతికిచ్చి, "దొయ్యండి" అన్నాడు.

దోసి, ఆగిన చోట ఆపేశాము.

"అది రబ్బరు రింగు తగిలింది అయ్యగారూ. అక్కడే అందరూ అయిపోయిందనుకుంటారు. ఇంకా దొయ్యాలి."

ఇంకొంచెం బలంగా నెట్టితే గీత కనబడకుండా లోపలికి పోయింది. లాగి చూశాము, రాలేదు. రింగు కదలకుండా నీలం క్లిప్పు పెట్టించాడు. మిషన్ వేసి, క్రింద పాత న్యూస్‌పేపర్ పరిచి అరగంట కూర్చున్నాము. ఆ అరగంటలో మా ఇంటావిడ ఇచ్చిన టీ తాగాడు. కూలి ఈసారి తీసుకోమన్నాము, తీసుకున్నాడు. న్యూస్‌పేపర్ పొడిగానే ఉంది.

ఆదివారం అతడు వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. ప్రకటనలు చదివాక, ఫలానా రోజు మేము అన్న మాట తప్పనీ, పైపు కోసింది మా చేతులేననీ అందరి ఎదుట చెప్పాము. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. స్త్రీల వైపు నుంచి అవ్వ గొంతు వినబడింది.

"అయితే ఈ సాయంత్రం క్యాను తెచ్చుకోనా అయ్యగారూ?"