చట్రము వారిది, అక్షరము మనది

లోకములో ఏ విద్యయు ఒక్కని చేతిలో పుట్టి ఒక్కని చేతిలోనే పెరిగినది కాదు. ముందు తరమువారు వేసిన మెట్టుపై కాలు మోపియే వెనుక తరమువారు మరియొక మెట్టు నెక్కుచున్నారు. వ్యాకరణమునకు, వైద్యమునకు, శిల్పమునకు వర్తించు ఈ సూత్రము నేటి కంప్యూటరు విద్యకును వర్తించుచున్నది. తెలుగు బోధించు మాకు ప్రోగ్రాములతో పని యేమని కొందరు విద్యార్థులు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానముగానే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తాండూరులో ఇల్లు కట్టించువాడు తానే గనికి పోయి బండ తీయడు. గనిలో తీసి, కొలతకు కోసి, నునుపు చేసిన నాపరాయి అతనికి సిద్ధముగా దొరకును. వంటగది ఎటు ఉండవలెను, కిటికీ ఏ దిక్కునకు తెరువవలెను అను విషయములే అతడు ఆలోచింపవలసినవి. వెబ్‌సైటు నిర్మించువారికి ‘ఫ్రేమ్‌వర్క్’ అనునది ఇట్టి ఉపకారమే చేయును. దీనిని మనము చట్రమనవచ్చును. చదువరి పంపిన ప్రశ్నను గ్రహించుట, సమాచారమును భద్రపరచుట, పుటను కూర్చి చూపుట, రహస్యపదమును కాపాడుట, దొంగదారిన వచ్చు ఆజ్ఞలను అడ్డుట మున్నగు పనులు ఇంచుమించుగా ప్రతి వెబ్‌సైటునకును సమానములే. వీనిని ఎవరికి వారు మొదటినుండి వ్రాసికొన్నచో కాలము వ్యర్థమగును; తప్పులకును తావు హెచ్చు. నేర్పరులు ఒకసారి వ్రాసిపెట్టిన చట్రమును గైకొని, తనకు ప్రత్యేకమైన పనిని మాత్రము అందు నింపుట వివేకము.

ఇక ‘ఓపెన్ సోర్స్’ అను మాట. సోర్స్ అనగా మూలము. మూసీనది మూలము వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలలో కలదు. హైదరాబాదు వంతెనపై నిలిచినవానికి నది మాత్రమే కనబడును. మన ప్రాంతపు విద్యార్థి కోరినచో కొండనెక్కి దాని పుట్టుచోటును చూచి రాగలడు. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్‌లో తరచుగా మనకు నదిని చూపి, మూలమునకు తాళము వేయుదురు. ఓపెన్ సోర్స్‌లో ఆ తాళము లేదు. మూలసంకేతమును ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించిన నాటినుండి ఈ భావము ఒక ఉద్యమమైనది. ‘ఓపెన్ సోర్స్’ అను పేరు 1998లో వాడుకలోనికి వచ్చినది.

ఇట్టి చట్రములలో మా విద్యార్థులు ఎన్నుకొన్నది ‘జాంగో’. ఆంగ్లమున వ్రాయునపుడు దీని మొదట ‘డి’ అను అక్షరము ఉన్నను పలుకుబడిలో అది లేదు. దీని జన్మవృత్తాంతము తెలిసికొనదగినది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున లారెన్స్ అను పట్టణము కలదు. అచటి ‘లారెన్స్ జర్నల్ వరల్డ్’ అను వార్తాపత్రికలో 2003లో ఏడ్రియన్ హోలోవటి, సైమన్ విల్లిసన్ అను ఇరువురు యువకులు వెబ్‌సైటు పని చూచుచుండిరి. పత్రికలో గడువు కఠినమైనది. కోరిన పుట గంటలలో సిద్ధము కావలెను. చేసిన పనినే మరల మరల చేయకుండుటకై వారు పైథాన్ భాషలో సామాన్య భాగములను వేరుచేసి వ్రాసికొనిరి. అవియే క్రమముగా చట్రమైనవి. 2005 జూలైలో దానిని మూలముతో సహా లోకమునకు విడిచిపెట్టిరి. జాంగో రైన్‌హార్ట్ (1910–1953) అను గిటారు విద్వాంసుని పేరు దానికి పెట్టిరి. 1928లో జరిగిన అగ్నిప్రమాదములో ఎడమచేతి రెండు వ్రేళ్లు చెడినను, మిగిలిన వానితోనే ఒక క్రొత్త వాదనరీతిని కల్పించిన మహనీయుడాయన. 2008 నుండి ఈ చట్రము బాగోగులను ‘జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్’ అను లాభాపేక్షలేని సంస్థ చూచుచున్నది. ప్రపంచమంతట వాడుకలోనున్న ఈ చట్రము మహానగరమున గాక, ఒక చిన్న పట్టణపు పత్రికా కార్యాలయమున పుట్టినదను విషయమును వికారాబాదు, తాండూరు విద్యార్థులు మనసున నుంచుకొనవలెను.

ఈ చట్రముతో మాకు పరిచయము గ్రంథాలయము ద్వారా కలిగినది. మన గ్రంథాలయమున ఉర్దూ గ్రంథములు ఒక బీరువాలోను, తెలుగు గ్రంథములు మరియొక బీరువాలోను ఉన్నవి; పట్టికలును రెండు. గాలిబ్ ఉర్దూ దివాను ఒక పట్టికలో నుండగా, దాశరథి తెలుగు చేసిన ‘గాలిబ్ గీతాలు’ మరియొక పట్టికలో నుండును. ఒకే కవి రెండు బీరువాలలో ఒకరి నొకరు ఎరుగనివాని వలె నున్నాడు. రెండు పట్టికలను ఒకటిగా చేయవలెనని కంప్యూటరు శాఖ విద్యార్థులకు కోరిక పుట్టినది. ఒక వర్తకుడు చూపిన సిద్ధ ప్రోగ్రాములో తెలుగునకు గాని ఉర్దూకు గాని చోటు లేదు. గ్రంథాలయములకై న్యూజీలాండులో రూపొంది 2000లో వాడుకలోనికి వచ్చిన ‘కోహా’ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కలదు గాని, అది కట్టి యున్న పెద్ద ఇల్లు. మా వారికి ఇల్లు కట్టుట నేర్చుకొనవలెనని పట్టుదల. కావున జాంగోను గైకొనిరి.

గ్రంథమనగా నేమో మొదట కంప్యూటరునకు చెప్పిరి: పేరు, రచయిత, భాష, సంఖ్య. అంత మాత్రముననే వివరములు ఎక్కించుటకు తగిన పుటలను చట్రమే సిద్ధపరచి యిచ్చినది. జాంగోతో వచ్చు భాషల పట్టికలో తెలుగు, ఉర్దూ రెండును కలవు. కుడినుండి ఎడమకు వ్రాయు భాషల వరుసలో అరబ్బీ, ఫారసీ, హీబ్రూలతో పాటు ఉర్దూయు చేరియున్నది. ఉర్దూను ఎన్నుకొన్నంతనే పుటయంతయు అద్దములో ప్రతిబింబము వలె ప్రక్క మార్చుకొనుట చూచి మా లైబ్రేరియన్ సాహెబు చిరునవ్వు నవ్విరి. అంతదూరమున నున్నవారు మన లిపి నడకను గూర్చి ముందే ఆలోచించి పెట్టిరి గదా యని మాకును ఆనందము కలిగినది.

కాని ఆనందము వెంట చిక్కు వచ్చినది. తాండూరు విద్యార్థి యొకడు మా వద్దకు వచ్చి, “సార్, కితాబ్ బీరువల ఉన్నది గని మిషన్‌కు కనబడ్తలేదు” అనెను. విచారింపగా కారణము అక్షరములలోనే దొరికినది. యూనికోడు అను ప్రపంచ లిపి సంకేతావళిలో అరబ్బీ కాఫ్ ఒకటి, ఉర్దూ కాఫ్ మరియొకటి. ‘యే’ అను అక్షరమునకును అట్లే వేరు సంకేతములు. పదము మొదట కలిపి వ్రాసినపుడు రెండు కాఫ్‌లును మన కంటికి ఒకటియే. కంప్యూటరునకు మాత్రము వేరు. అరబ్బీ కీబోర్డుతో ఒకరు ఎక్కించిన ‘కితాబ్’ అను మాటను ఉర్దూ కీబోర్డుతో మరియొకరు వెదకినచో దొరకలేదు.

తెలుగున చిక్కు వేరు విధమైనది. ‘హైదరాబాద్‌లో’ అని వ్రాయునపుడు ద, ల అక్షరములు ఒత్తుగా కలియకుండ నడుమ ఒక అదృశ్య చిహ్నము నుంతురు. కంటికి కనబడని ఆ గుర్తు ఉన్న మాట వేరు, లేని మాట వేరు అని యంత్రము తలచును. మఖ్దూం మొహియుద్దీన్ పేరును మన గ్రంథములలోనే మఖ్దూం అని, మఖ్దూమ్ అని, మక్దూం అని మూడు విధములుగా ముద్రించిరి. యంత్రమునకు వీరు మువ్వురు కవులు.

ఈ చిక్కులను కాన్సాస్‌లోని వారు తీర్పగలరా? తీర్పలేరు. తీర్పవలసిన బాధ్యతయు వారిది కాదు. ఉర్దూ శాఖ విద్యార్థిని యొకతె కాఫ్, యే అక్షరముల జంటలను వరుసగా వ్రాసి యిచ్చినది. తెలుగు విద్యార్థులు పేర్ల వర్ణక్రమ భేదములను పట్టికగా కూర్చిరి. వెదకుటకు ముందు అన్నిటిని ఒకే రూపమునకు మార్చు చిన్న భాగమును కంప్యూటరు విద్యార్థులు వ్రాసిరి. ఇప్పుడు గాలిబ్ అని ఏ లిపిలో వెదకినను దివానును, దాశరథి అనువాదమును పక్కపక్కనే కనబడుచున్నవి. ఈ పనిలో మూడు శాఖల విద్యార్థులు ఒకే బల్లచుట్టు కూర్చొనుట మేము చూచితిమి. అది మాకు పట్టిక కంటె విలువైనదిగా తోచినది.

ఒక విద్యార్థి, “ఇదంతయు ఉచితమే గదా సార్, మనము ఎవ్వరికిని ఇయ్యవలసినది లేదు గదా” యని మమ్ము అడిగెను. ధనరూపమున లేదు. కాని ఋణము లేదనుట సరికాదు. మన పెద్దలు తటాకము, ధననిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, ప్రబంధము, పుత్రుడు అని సప్తసంతానములను చెప్పిరి. ఇస్లాములో ‘సదఖా-ఎ-జారియా’ అను భావము కలదు. మనిషి పోయిన పిదపను ప్రజలకు మేలు చేయుచునే యుండు దానమది. ప్రయోజనకరమైన విద్యను విడిచిపోవుటకు అందు గొప్ప స్థానము కలదు. రెండు సంప్రదాయములును ఇచ్చట ఒకే మాట చెప్పుచున్నవి. ఆరన్ స్వార్ట్జ్ అను అమెరికా యువకుడు ‘వెబ్.పై’ అను చిన్న చట్రమును వ్రాసి ఏ హక్కును ఉంచుకొనక లోకమునకు ఇచ్చెను. 2013 జనవరిలో తన 26వ యేట అతడు మరణించెను. అతని చట్రము మిగిలియున్నది. దానిని కాపాడి పెంచినవారిలో ఆనంద్ చిటిపోతు అను భారతీయుడు ముఖ్యుడు.

దానములందును భేదములు కలవు. స్టాల్‌మన్ 1989లో వెలువరించిన ‘జీపీఎల్’ అను అనుమతిపత్రము వక్ఫు వంటిది: దానినుండి పెంచి పంచిన ప్రోగ్రామును కూడ తెరచియే యుంచవలెను, ఎవ్వరును సొంత ఆస్తిగా మూసికొనరాదు. జాంగో అనుసరించు ‘బీఎస్‌డీ’ పత్రము వేసవిలో బాటప్రక్కన పెట్టిన చలివేంద్రము వంటిది: ఎవరైనను త్రాగి తమ దారిన పోవచ్చును, పెట్టినవారి పేరు మాత్రము చెరుపరాదు. చలివేంద్రమున నీరు త్రాగినవాడు డబ్బు చెల్లింపనక్కరలేదు. కాని ఒక్క కడవ నీరు మోసి తెచ్చి పోయుట మానవధర్మము.

మనము మోయగల కడవ ఏది? చట్రములోని సూచనావాక్యములను ఆయా భాషలవారే స్వచ్ఛందముగా అనువదించుచుందురు. అనువాదము లేనిచోట ఆంగ్లవాక్యమే యథాతథముగా కనబడును. ‘ఫీల్డ్’ అను మాటకు నిఘంటువు చూచి ‘పొలము’ అని వ్రాసినచో, ‘ఈ పొలమును తప్పక నింపవలెను’ అను వాక్యము తయారగును. అచ్చట దానిని తెలుగున ‘గడి’ యనవలెననియు, ఉర్దూలో ‘ఖానా’ యనవలెననియు చెప్పుటకు భాష యెరిగినవాడు కావలెను. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా కూడ ‘మీడియావికీ’ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌పైననే నడచుచున్నది. చట్రము పరులది, అందు నిండిన తెలుగు స్వచ్ఛందముగా వ్రాసిన తెలుగువారిది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఉద్యోగమునకై హైదరాబాదు రైలెక్కుట మంచిదే. చదువునకు జీవనోపాధి ఒక ప్రయోజనమే. కాని తెలుగు, ఉర్దూ చదివినవారమని కంప్యూటరు గది గడప దాటుటకు సంకోచింపకుడు. కంప్యూటరు చదివినవారమని మాతృభాషను తేలికగా చూడకుడు. ఇల్లు దగ్గర ఉర్దూ, అంగడిలో తెలుగు, ఎల్లకు ఆవల కన్నడము వినుచు పెరిగిన తాండూరు బిడ్డకున్న చెవి మహానగరములలో ఎందరికి కలదు? ఆ చెవియే మీ మూలధనము.

కళాశాల కమిటీవారికి మా విన్నపము ఒక్కటియే. వారమునకు ఒక గంట తెలుగు, ఉర్దూ, కంప్యూటరు శాఖల విద్యార్థులు కలిసి పనిచేయుటకు కంప్యూటరు గదిని తెరచియుంచవలెను. దీనికి క్రొత్త సాఫ్ట్‌వేర్ ఏదియు కొననక్కరలేదు. చట్రము ఇదివరకే మన చేతికి వచ్చియున్నది. అందు నింపవలసిన అక్షరములు మన రెండు బీరువాలలోను, మన పిల్లల నాలుకలపైనను సిద్ధముగా ఉన్నవి.