ప్రతినిధి ద్రవ్యము

యాగమునకు వ్రీహిధాన్యము దొరకనపుడు నివ్వరిధాన్యమును గైకొనవచ్చునని మీమాంసకులు చెప్పిరి. ఇట్లు మాఱుగా గైకొను ద్రవ్యమునకు వారు ప్రతినిధి యని పేరిడిరి. ఈ న్యాయమును మేము చిన్ననాడు వల్లించితిమే గాని, దాని కీలకము నలువదియేండ్లు దాటిన పిదప మా బడి పెరటిలో, నీళ్లతొట్టి యొద్ద మాకు బోధపడినది.

మేము పిల్లలకు నీలిముద్రలు నేర్పుచుందుము. ఈ పద్ధతిని 1842లో ఇంగ్లండున సర్ జాన్ హెర్షెల్ కనిపెట్టెను. మఱుసటి యేడే ఆనా అట్కిన్సు అను స్త్రీ సముద్రపు నాచుమొక్కల నీడలను దీనితో ముద్రించి పుస్తకముగా వెలువరింప నారంభించెను. దీనికి కెమెరాతో పనిలేదు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటును, పొటాసియం ఫెర్రిసయనైడును వేర్వేఱుగ నీట కరగించి, కలిపి, మసక వెలుతురులో కాగితమునకు పూసి యారబెట్టవలెను. దానిపై మునగరెమ్మ నుంచి యెండలో పెట్టినచో, ఎండ తగిలినచోట ఇనుము రూపు మాఱి ఫెర్రిసయనైడుతో కూడి నీలమగును. రెమ్మ నీడ పడినచోటు కడుగగా తెల్లనగును.

ఒకయేడు ఫెర్రిసయనైడు నిండుకొన్నది. అంగడివాడు వేఱొక సీసా చూపి, “అది లేదు మాస్టారూ. ఇది ఫెర్రోసయనైడండీ. ఒక్క అక్షరమేగా తేడా!” అనెను. మేమును రసాయనశాస్త్రము కొంత చదివినవారమే. ఐనను పిల్లలకు మాటయిచ్చిన తొందరలో తలయూపితిమి. మఱునాడు రెండు ద్రావణములను కలిపినంతనే గిన్నెయంతయు కారునీలమయ్యెను. ఎండ ముఖము చూడకయే, చీకటిగదిలోనే! ఫెర్రిసయనైడు ఎండచే మాఱిన యినుముకొఱకు వేచియుండును. ఫెర్రోసయనైడో మాఱని యినుముతోడనే నీలమగును. ఇక వెలుతురు చేయవలసిన పని యేమి మిగిలినది? పేరునుబట్టి ప్రతినిధిని ఎన్నుకొన్నందులకు ఫలమిది.

ఆ తప్పువలన పోయినది కొంత సొమ్ము మాత్రమే. అంతకంటె పెద్దతప్పు మఱియొకటి కలదు, చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. కడిగిన ముద్ర మొదట వెలవెలబోయియుండును. నీలము చిక్కనగుటకు దానిని పలుచని పొటాసియం డైక్రోమేటు నీట ముంచుమని మేము చదివిన పాతపుస్తకములో నుండెను. ఏండ్లతరబడి అట్లే చేసితిమి. పిల్లలచే వట్టిచేతులతో చేయించితిమి. ఒకనాడొక బాలిక వ్రేళ్లసందున పుండు చూపి, “మాస్టారండీ, ఆ నారింజరంగు నీళ్లు ఎందుకండీ?” అని యడిగెను. పుస్తకములో నున్నదనుట తక్క మాకు వేఱు ప్రత్యుత్తరము తోపలేదు. మంత్రార్థమెఱుగని పురోహితుడును ఇట్లేకదా చెప్పును! డైక్రోమేటు చర్మమును పుండుచేయుననియు, క్యాన్సరు కలిగించుననియు చదివి తెలిసికొన్న ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ పిల్ల ప్రశ్నయే దారి చూపినది. అచ్చట డైక్రోమేటు చేయు పని ఆక్సీకరణము. ఆ పనిని మందులయంగడిలో దొరకు హైడ్రోజన్ పెరాక్సైడు కొంచెము నీట కలిపినను చేయును. చూచుచుండగనే నీలము చిక్కనగును. అదియును లేకున్న ఒకదినము గాలికి ఆరవేసిన చాలును. ఐతే జిగురుముద్రయందు ఈ మాఱుపు చెల్లదు. అందు డైక్రోమేటు వెలుతురు తగిలినచోట తుమ్మజిగురును నీట కరగకుండ గట్టిపఱచును. పెరాక్సైడు అది చేయజాలదు. ద్రవ్యమొకటే, పనులు రెండు. కావున పిల్లలకు జిగురుముద్ర నేర్పుట మానితిమి.

దేవతకును మంత్రమునకును ప్రతినిధి లేదని జైమిని నిర్ణయించెను. వాని ప్రయోజనము అదృష్టము, అనగా కంటికి కానరానిది. కాని మనము కంటికి కానవచ్చు ప్రయోజనముగల పనులను సైతము అదృష్టములవలె కొలుచుచున్నాము. పెద్దలు చేసిరని యొకరు విడువరు. క్రొత్తదని యింకొకరు మార్తురు. ఇది చేయు పని యేమని యిరువురును అడుగరు.

ఇప్పుడు మా బడిలో ప్రతి సీసాపైనను పేరుక్రింద ఆ ద్రవ్యము చేయు పనియు, చేయు కీడును వ్రాయించుచున్నాము. వ్రాయునది ఆ బాలికయే.