క్రొత్త ప్రతి, పాత ప్రతి

తెర మూలన "తాజా వెర్షను సిద్ధంగా ఉన్నది" అన్న కబురు కనబడగానే నాకు రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి. ఒకటి, పండుగకు క్రొత్త బట్టలు వచ్చిన సంబరం. రెండవది, వెల్ల వేయించడానికి ఇంట్లో సామానంతా వాకిట్లోకి మోయాలన్న దిగులు. ఈ రెండింటిలో ఏది గెలుస్తుందో ఆ పూట తీరికను బట్టి, కరెంటును బట్టి ఉంటుంది.

నా దిగులుకు ఒక కారణం ఉన్నది. మా ఊరి పఠన మందిరంలో ఒక పాత కంప్యూటరు, దానికి తగిలించిన ఒక హార్డు డిస్కు ఉన్నాయి. అక్కడ అంతర్జాలం వస్తే వచ్చినట్లు, లేకపోతే లేనట్లు. అందుచేత పాఠాలన్నీ నగరంలో దింపుకొని, సంక్రాంతికీ వేసవికీ వెళ్ళినప్పుడు అందులోకి ఎక్కించి వస్తుంటాను. జాలం లేకుండానే వికీపీడియా చదువుకొనే ఏర్పాటు కివిక్స్. ఆ పథకం 2007లో మొదలైనది. బొమ్మలతో సహా ఆంగ్ల వికీపీడియా సుమారు 100 గిగాబైట్లు. 2003లో పుట్టి, మనలో కొందరి నిద్రలేని రాత్రులు తిని పెరిగిన తెలుగు వికీపీడియా కూడా ఆ పెట్టెలో ఒదిగి కూర్చున్నది. తాజాకరణ అంటే చిరిగిన చోట అతుకు వేయడం కాదు, మొత్తం ఫైలును మళ్ళీ మొదటి నుండి దింపుకోవడం. తొంభై తొమ్మిది శాతం దగ్గర తీగ తెగినప్పటి వేదన అనుభవించిన వారికి చెప్పనక్కరలేదు.

ఇక వీడియోల సంగతి. మనం వీడియో ఫైలు అని పిలిచేది నిజానికి ఒక పెట్టె. దానిలో బొమ్మ ఒక కోడెక్‌తోను, ధ్వని మరొక కోడెక్‌తోను కుదించి ఉంటాయి. పెట్టె తెరవడం వచ్చినంత మాత్రాన లోపలి సరుకు విప్పడం రావాలని లేదు. నిన్నటి దాకా చక్కగా పలికిన పాఠం తాజాకరణ తరువాత మూగబోవడం, లేదా గొంతు వినబడుతూ తెర నల్లబడడం ఇందువల్లనే. వీ.ఎల్.సీ. వంటి ప్లేయరు కావలసిన కోడెక్కులను చాలావరకు తనతోనే మోసుకొని రావడం వల్ల ఈ బాధ తగ్గినది. 1996లో పారిస్‌లోని ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల పథకంగా మొదలై, 2001లో అది జీ.పీ.ఎల్. అనుమతిపత్రం క్రింద లోకానికి విడుదలైనది. విద్యార్థులు తమ అవసరానికి వ్రాసుకొన్నది మా ఊరి విద్యార్థులకు పనికి రావడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

తాజాకరణ పెట్టే బాధలే కాక, ఇచ్చిన ఒక ఆనందం కూడా చెప్పాలి. ఆంగ్లంలోని కొన్ని గణిత పాఠాలకు నేను లేఖినిలో టైపు చేసి తెలుగు ఉపశీర్షికలు కూర్చాను. నా దగ్గరున్న ప్లేయరులో "విద్యార్థి" అన్న మాట "విద్‌యార్‌థి" అని విరిగి కనబడేది. ఒత్తులన్నీ అక్షరాలను విడిచి పొల్లులై నిలబడేవి. విండోస్ ఎక్స్‌పీలో నానా అవస్థలు పడి డబ్బాలను అక్షరాలుగా మార్చుకొన్న తరం మనది. ఆ దృశ్యం ఎంత కోస్తుందో మీకు తెలుసు. కొంతకాలానికి ఒక క్రొత్త వెర్షను స్థాపించి అదే పాఠం తెరిస్తే, ప్రతి ఒత్తూ తన అక్షరం క్రింద బుద్ధిగా కూర్చున్నది. అక్షరాలను కూర్చి పెట్టే హార్ఫ్‌బజ్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు పనితనమది. పాఠం వినడం మాని, ఆ అక్షరాల వంకే చూస్తూ ఉండిపోయాను.

అయితే తాజాకరణ ఇచ్చిన చేతితోనే తీసుకొంటుంది కూడా. ఒక సంక్రాంతికి ఒక పాఠాల భాండాగారపు క్రొత్త కూర్పును ఊళ్ళో ఎక్కించాను. రంగులు బాగున్నాయి, బొమ్మలు బాగున్నాయి. మర్నాడు పదవ తరగతి చదివే ఒక అమ్మాయి వచ్చి, "బాబాయ్ గారూ, వెనకటి మాస్టారు ఏరి?" అని అడిగినది. త్రికోణమితి పాఠాల వరుస మారినది, చెప్పే మనిషీ మారారు. ఆమె నోటుపుస్తకంలో పాఠాల అంకెలన్నీ పాత వరుసవి. పబ్లికు పరీక్షలకు ఇక రెండు నెలలే గడువు. "ఈయన కూడా బాగానే చెబుతున్నారు. కానీ ఆయన గీసే త్రిభుజం నాకు అలవాటు," అన్నది. పాత డిస్కు ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది. ఆ సాయంత్రమే పాత కూర్పును క్రొత్తదాని ప్రక్కన చేర్చాను. ఆమె తన పాఠాన్ని ఆపిన చోటు నుండే అందుకొన్నది.

మంచి పాఠానికి వయసు అడ్డు రాదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా పాఠాలను 1999లో ఎం.ఐ.టి. తరగతి గదిలో చిత్రించారు. నల్లబల్ల, సుద్దముక్క, ఆయన గొంతు. అంతకు మించి ఆర్భాటం లేదు. మొదట జాలంలో రియల్ మీడియా రూపంలో దొరికిన ఆ పాఠాలు రూపం తరువాత రూపం మారుతూ నేడు యూట్యూబులో ఉన్నాయి. ఆయన 2023లో విరమించారు, పాఠం విరమించలేదు. ఎం.ఐ.టి. ఓపెన్ కోర్సువేరు వాణిజ్యేతర వినియోగానికి నకలు తీసుకోవడాన్ని అనుమతించడం కూడా అటువంటి పాఠాలకు శ్రీరామరక్ష. ఫ్లాష్ లో చేసిన పాఠాల గతి వేరు. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ కు మద్దతు ముగియగా, కదిలే బొమ్మలతో భౌతికశాస్త్రం చెప్పిన ఎన్నో పుటలు ఖాళీ చట్రాలుగా మిగిలిపోయాయి. రఫుల్ అనే అనుకరణి పుణ్యమా అని వాటిలో కొన్ని మళ్ళీ కదిలాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులోనే దానిని వాడుకలోకి తెచ్చినది.

మనకు ఇదేమీ క్రొత్త విద్య కాదు. తాటాకు శాశ్వతం కాదని తెలిసిన లేఖకులు, ఆకు శిథిలం కాకముందే మరొక ఆకుపైకి గ్రంథాన్ని ఎక్కించేవారు. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టుకొని ప్రతులు సేకరించి, పాఠాలు సరిచూపించి, శుద్ధ ప్రతులు వ్రాయించాడు. శుద్ధ ప్రతి తయారైనది కదా అని పాత ప్రతులను పొయ్యిలో పెట్టించలేదు. ఆయన సేకరణ నేటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నది. ఏ ప్రతిలోని ఏ పాఠం ఎవరికి అవసరపడుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు?

తాజాకరణ చేయించేవారు పాతది తప్పు, క్రొత్తది ఒప్పు అన్నట్లు మాట్లాడతారు. కానీ పుస్తకాల బీరువాలో క్రొత్త ముద్రణ వచ్చినంత మాత్రాన, ఒకరు సగం చదివి పుట మడిచి పెట్టుకొన్న పుస్తకాన్ని లాక్కోము గదా! క్రొత్తది తప్పక రావాలి. అది రాకపోతే నా తెలుగు ఒత్తులు ఇంకా విరిగే ఉండేవి. అది కుదురుకొనే దాకా పాతది కూడా ప్రక్కనే ఉండాలి. ఈ వేసవికి వెళ్ళేటప్పుడు సంచిలో రెండు డిస్కులు పెట్టుకొంటాను. వాటి బరువు మోయదగినదే.